స్కానర్ చెప్పని పేరు

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి ఏదైనా ఉందంటే, అది ఇంకా అచ్చు కాలేదనే నా నమ్మకం. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. ఇంటర్మీడియట్‌తో చదువు ఆగిపోయింది గాని చదవడం ఆగలేదు. నాంపల్లిలో మేమున్న అద్దె ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఒక చిన్న గ్రంథాలయం ఉండేది. అందులో పుస్తకాలను విషయాన్ని బట్టి కాక బీరువాల వరుసను బట్టి చదివేవాణ్ణి. అందువల్ల తేనెటీగల పెంపకం, మూత్రపిండాల జబ్బులు, మొగలాయీల కాలం నాటి పన్నులు, ఇంట్లో సబ్బు తయారీ, ఇవన్నీ నాకు ఒకే వారంలో తెలిసిపోయాయి. ఆదివారం వస్తే అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాల గుట్టల ముందు గొంతుక్కూర్చుని మిగిలిన లోకజ్ఞానాన్ని కిలోల లెక్కన తెచ్చుకునేవాణ్ణి. ఎవరైనా ఏదైనా అడిగితే "నాకు తెలియదు" అనే మాట నా నోట వచ్చేది కాదు. అడగకపోయినా చెప్పేవాణ్ణి. (మా అమ్మ అంటుండేది: "వీడికి జ్వరం వస్తే థర్మామీటరుకే పాఠం చెబుతాడు.")

మా మావయ్యకు నాంపల్లి స్టేషన్ వెనక సందులో కార్ల షెడ్డు ఉండేది. నన్ను అందులో బిల్లులు రాయడానికి, ఫోన్లు ఎత్తడానికి పెట్టుకున్నాడు. మా తాతగారు యాభైయారులో ఆఫీసు ఫైళ్లతో పాటు ఈ ఊరు వచ్చిన గుమాస్తా కాబట్టి ఇంట్లో మాది ఇంకా కృష్ణా ఒడ్డు మాటే. షెడ్డులో మాత్రం నాంపల్లి మాట. షెడ్డుకు గుండెకాయ అనదగినవాడు ఉస్తాద్. ఆయనది నాలుగు తరాలుగా ఈ ఊళ్లోనే ఉన్న కుటుంబం. ఇంజిన్ నడుస్తుండగా పొడుగాటి పేచ్‌కస్ (స్క్రూడ్రైవరు) మొనను దాని మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "మూడో దాంట్ల వాల్వు కొట్టుకుంటుంది" అనేవాడు. విప్పి చూస్తే మూడో సిలిండర్లోనే కొట్టుకునేది. అందుకని ఆయన్ను అందరూ చెవి ఉస్తాద్ అనేవారు. నేను ఆయన్ను గౌరవించేవాణ్ణి, రాతియుగపు మనిషిని చరిత్ర విద్యార్థి గౌరవించినట్టు.

ఇంతలో కార్లకు కంప్యూటర్లు వచ్చి, వాటి జబ్బులు చెవికి వినిపించడం మానేశాయి. స్పీడోమీటరు పక్కన పసుపు రంగులో ఇంజిన్ బొమ్మ ఒకటి వెలిగేది. అది ఎందుకు వెలిగిందో ఉస్తాద్ చెవి చెప్పలేకపోయేది. మావయ్య కొన్నాళ్లు తటపటాయించి చివరికి ఒక స్కానర్ కొన్నాడు. ఇటుకంత డబ్బా, చిన్న తెర, ఒక కేబులు. కేబులు కొసను స్టీరింగ్ కింది సాకెట్లో గుచ్చితే కారు కంప్యూటర్‌తో మాట్లాడి, ఒక అక్షరం, నాలుగు అంకెలు ఉన్న కోడ్ చూపించేది. కింద దాని అర్థం ఇంగ్లిషులో ఒక వరుస. షెడ్డులో ఇంగ్లిషు పుస్తకం చివరిదాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. మావయ్య ఆ డబ్బాను నా చేతిలో పెట్టి, "ఒరేయ్, ఇన్నాళ్లూ మింగిన కాగితం కొంచెం బయటికి కక్కు" అన్నాడు. బిల్లు పుస్తకాల బల్ల మీంచి నేరుగా వైద్యుడి కుర్చీలోకి ఎక్కినట్టయింది.

ఆ ఆదివారమే అబిడ్స్‌లో ఈ కోడ్‌ల మీద ఒక లావాటి పుస్తకం దొరికింది. మొదటి పదహారు పేజీలు లేవు. ముందుమాటలు చదివే అలవాటు నాకు ఎటూ లేదు కాబట్టి అది లోపమని అనిపించలేదు. పదిహేను రోజుల్లో కోడ్‌లన్నీ తెలుగులో నోటుబుక్కులోకి ఎక్కించాను. మొదటి నెలలో మూడు కార్లకు స్కానర్ చెప్పిన భాగాన్నే మార్చాం, మూడూ బాగుపడ్డాయి. దాంతో జేబులో రెండు పెన్నులు పెట్టుకోవడం మొదలుపెట్టాను. కారు లోపలికి రాగానే యజమాని తన బాధ చెప్పుకోబోతే చెయ్యెత్తి ఆపేవాణ్ణి. "మీరు చెప్పక్కర్లేదండీ, బండే చెబుతుంది."

ఇక్కడ మా షెడ్డు ఆచారం ఒకటి చెప్పాలి. నిమ్మకాయ, ఏడు పచ్చిమిరపకాయలు దబ్బనంతో దారానికి గుచ్చి కట్టకుండా ఏ బండీ మా గేటు దాటేది కాదు. అలాగే రిపేరుకు వచ్చిన బండికి పాత నిమ్మకాయ ఉంటే, ఎవరూ పానా పట్టకముందే దాన్ని తీసి నాలుగు రోడ్ల కూడలిలో పారేయాలి. తీయడం, కట్టడం రెండూ నా బాధ్యతలే. చేతులకు గ్రీజు లేనివాడు షెడ్డు మొత్తానికి నేనొక్కణ్ణే మరి.

మా అమ్మకు దూరపు వరుసలో చెల్లెలయ్యే ఒకావిడ బషీర్‌బాగ్‌లో ఆడవాళ్లకు కారు డ్రైవింగ్ నేర్పేది. ఎల్ బోర్డు పిన్ని అనేవాళ్లం. ఉన్నది ఒకటే కారు. దాన్ని మామూలు సర్వీసింగుకు తెచ్చినప్పుడు పిన్ని ఒక ఫిర్యాదు చేసింది. "నువ్వు బంపరుకు కట్టిన నిమ్మకాయ రెండ్రోజులు కూడా ఉండట్లేదురా. ఒకసారి మా స్టూడెంట్ గోడకు గుద్దింది, నలిగిపోయింది. ఇంకోసారి మీ సందులోనే మేక తినేసింది, మిరపకాయలతో సహా."

సమస్య కనబడితే నేను ఊరుకోలేను. బానెట్ లోపల కడదామన్నాను.

"లోపల కడితే దిష్టికి ఎలా కనిపిస్తుందిరా?"

"కనబడాల్సింది దిష్టికి కాదు పిన్నీ. నిమ్మకాయ బండికి దగ్గరగా ఉంటే చాలు."

ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. కాని నేను అనేసరికి ఏదో పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఫ్యాన్ రెక్కలు తగలకుండా, సైలెన్సర్ గొట్టం వేడి సోకకుండా, మేకలకు అందకుండా, కొలిచి మరీ ఇంజిన్ పైనున్న ఒక ఇనుప పట్టీకి కట్టాను. మూడు ముళ్లు వేశాను. చాలా బాగుంది. పిన్ని మెచ్చుకుంది.

వారం తిరక్కుండా ఆ కారు డ్రైవింగ్ టెస్టులో ఆగిపోయింది. ఆ టెస్టు ఇస్తున్నది అబిడ్స్‌లో పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసే ఒక అక్క. నలభై అయిదేళ్లుంటాయి. చాదర్‌ఘాట్‌లో సొంతిల్లు. ఇంటి ముందు కవరు కప్పిన కారు. దాన్ని నడిపే భర్తకు షుగర్ వల్ల చూపు మందగించింది. ఆయన్ను వారానికోసారి కంటి దవాఖానకు తీసుకుపోవడానికి ఆటోల వెంట పరుగెత్తలేక, ఆ వయసులో ఆవిడ స్టీరింగ్ పట్టుకుంది. ఇదంతా పిన్నే చెప్పింది, కారుతో పాటు అక్కను కూడా షెడ్డుకు తీసుకొచ్చి. ఎనిమిది ఆకారంలో తిప్పమంటే సగం దాకా తిప్పిందట, ఇంజిన్ చచ్చిపోయిందట. మళ్లీ స్టార్ట్ కాలేదట. ఇన్‌స్పెక్టర్ పేరు కొట్టేసి తర్వాతి వాళ్లను పిలిచాడట.

"క్లచ్ వదిలేసి ఉంటావమ్మా" అంది పిన్ని.

"నేను నొక్కిన మేడం."

"నొక్కాననుకుంటావు. మొదట్లో అందరూ అంతే."

నేను బానెట్ తెరిచి ఆచారం ప్రకారం పాత నిమ్మకాయను తీసి, పారేసి వచ్చి, స్కానర్ గుచ్చాను. కోడ్ వచ్చింది. ఉస్తాద్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏంది తమ్మీ, ఏమంటుంది నీ డబ్బా?"

"క్యామ్ షాఫ్ట్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం అంటోంది ఉస్తాద్." (ఇంజిన్ లోపల ఒక ఇరుసు తిరుగుతున్నదీ లేనిదీ కంప్యూటర్‌కు కబురు చేసే బొటనవేలంత పరికరం అది. కబురు రాకపోతే ఇంజిన్ ఆగిపోతుంది.)

"సర్క్యూట్ల అన్నదా, సెన్సార్ల అన్నదా?"

"రెండూ ఒకటే."

"ఔనా? నాకు ఎర్క లేదు" అని ఊరుకున్నాడు.

నేను పద్ధతిగా చీటీ రాశాను. కొత్త సెన్సార్ వచ్చింది. ఉస్తాద్ పాతది పీకి, కనెక్టరును గుడ్డతో తుడిచి, కొత్తది బిగించాడు. తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంది. పిన్ని నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. ఉస్తాద్ చాయ్‌కి వెళ్లాక నేను తాజా నిమ్మకాయ ఒకటి ఎంచి, మంచి రసం ఉన్నది చూసి, అదే పట్టీకి అదే మూడు ముళ్లతో కట్టాను. వెళ్లబోతున్న అక్కకు క్లచ్ మీద ఒక చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను: ఎడమ పాదం మడమ నేల మీద ఆనాలి, వదిలేటప్పుడు బొటనవేలితో కొలుస్తున్నట్టు వదలాలి. ఆవిడ చేతిసంచీ గుండెకు హత్తుకుని శ్రద్ధగా విన్నది. (నాకు అప్పటికి కారు నడపడం రాదు. కాని నాలుగు పుస్తకాల్లో చదివాను.)

పదిరోజుల తర్వాత రెండో టెస్టు. ఈసారి ఎనిమిది పూర్తి చేసిందట. వెనక్కి పోనిస్తుండగా ఇంజిన్ మళ్లీ చచ్చిపోయింది. మళ్లీ పేరు కొట్టేశారు. విచిత్రమేమంటే ఓ గంట ఎండలో నిలబెట్టాక కారు తనంతట తానే స్టార్ట్ అయ్యి, బుద్ధిగా మా షెడ్డు దాకా వచ్చింది. నేను నిమ్మకాయ తీసి పారేశాను, స్కానర్ గుచ్చాను. అదే కోడ్.

ఇక్కడే నా పాండిత్యం పూర్తిగా పని చేసింది. సెన్సార్ కొత్తది. కొత్తది చెడదు. కాబట్టి ఈ కోడ్ కొత్త జబ్బుది కాదు, పాత జబ్బు గుర్తు కంప్యూటర్‌లో మిగిలిపోయింది. కాబట్టి చెరిపేయాలి. మీట నొక్కి చెరిపేశాను. పసుపు లైటు ఆరిపోయింది. ఇంజిన్ నిక్షేపంగా నడుస్తోంది. ఇక మిగిలిన కారణం ఒకటే. షెడ్డులో అప్పుడు ఏడెనిమిది మంది ఉన్నారు. నేను రెండు పెన్నుల్లో ఒకటి తీసి, నోటుబుక్కు మీద తట్టి అన్నాను:

"పిన్నీ, బండిలో లోపం లేదు. నడిపేవాళ్లలో ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. పోస్టాఫీసు అక్క కారు వెనక సీట్లోంచి తన గొడుగు తీసుకుంది, చెప్పుల పట్టీ సరిచేసుకుంది, బస్టాపు వైపు నడిచి వెళ్లిపోయింది. ఉస్తాద్ ఆవిడ మలుపు తిరిగేదాకా చూసి, "మంచిగ చెప్పినవ్ తమ్మీ" అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను. తాజా నిమ్మకాయ కట్టి బండిని పంపించాను.

తర్వాతి సంగతులు పిన్ని ఫోనులో చెప్పింది. అక్క ఇక రానందట. లెర్నర్ లైసెన్సు గడువు వారంలో అయిపోతుంది. దానికి ముందు మూడో టెస్టుకు తేదీ తీసుకుని ఉంది కాని దానికి పోదట. "నాతోని కాదు మేడం. ఇంట్ల ఉన్న బండి గూడ అమ్మేస్తం. కళ్లు కనబడని మనిషిని ముంగట కూసోబెట్టుకుని గిట్ల నడిరోడ్డు మీద ఆపేస్తే ఏమైతది?" అన్నదట. ఇంటికి పాత కార్లు కొనేవాణ్ణి రమ్మని కూడా చెప్పిందట. పిన్ని నిట్టూర్చింది. నేనూ నిట్టూర్చి, కొందరికి యంత్రాలతో పొసగదని, అది మనస్తత్వ శాస్త్రానికి సంబంధించిన విషయమని చెప్పాను.

ఆ మూడో టెస్టుకు ఒక రోజు ముందు, పట్టపగలు పదకొండు గంటలకు, బషీర్‌బాగ్ కూడలి నడిమధ్యలో కారు మళ్లీ ఆగిపోయింది. ఈసారి నడుపుతున్నది పిన్ని. పద్దెనిమిదేళ్లుగా క్లచ్ నొక్కడం నేర్పుతున్న పిన్ని. నాలుగు దిక్కుల నుంచి హారన్లు మోగుతుంటే ఒక ఆటో డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, ముందు నేర్చుకుని రావాలె గద" అన్నాడట. బండిని తాడు కట్టి లాక్కుంటూ షెడ్డుకు తెచ్చారు. పిన్ని ముఖం ఎర్రగా ఉంది. నేను గబగబా స్కానర్ తీసుకుని లోపల కూర్చున్నాను. అదే కోడ్. నా నోటుబుక్కులో ఇక మిగిలింది ఒకటే అవకాశం.

"కంప్యూటరే పోయింది మావయ్యా. పెద్ద డబ్బా మొత్తం మార్చాలి."

మావయ్య, పిన్ని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అది మామూలు ఖర్చు కాదు, కారు ధరలో మూడో వంతు. అప్పుడు మావయ్య నన్ను దాటి ఉస్తాద్ వైపు చూశాడు. "నువ్వేమంటావు ఉస్తాద్?"

"నన్ను అడుగుతున్నరా?" అన్నాడు ఉస్తాద్, స్కానర్ వచ్చినప్పటినుంచి ఎవరూ అడగలేదని గుర్తు చేస్తూ. తర్వాత పిన్నిని అడిగాడు. "అమ్మా, గిది ఎప్పుడెప్పుడు ఆగింది? మా దగ్గర్నుంచి పోయినంక ఎన్ని దినాలకు?"

"వారం పది రోజులు బాగా తిరుగుతుంది. ఆ తర్వాతే గొడవ."

"ప్రతిసారి గంతేనా? పోయినెంటనే ఎప్పుడు ఆగలే?"

"లేదు. మీ దగ్గరికి తీసుకురాకముందైతే ఒక్కసారి కూడా ఆగలేదు."

ఉస్తాద్ వెళ్లి బానెట్ ఎత్తాడు. నేను స్కానర్‌తో లోపల ఉన్నందువల్ల, మొట్టమొదటిసారిగా, పాత నిమ్మకాయను తీయకముందే ఆయన ఆ ఇంజిన్‌ను చూశాడు. ఇంజిన్ వేడికి మెత్తబడి, దబ్బనం చేసిన రంధ్రంలోంచి చెమ్మ కారుతూ, నా మూడు ముళ్ల కింద నిమ్మకాయ హాయిగా వేలాడుతోంది. సరిగ్గా దాని కింద సెన్సార్ కనెక్టరు. దాని చుట్టూ ఉండాల్సిన రబ్బరు సీలు ఏనాడో ఊడిపోయింది. ఉస్తాద్ కనెక్టరును పీకి లోపలి పిన్నులు వెలుగుకేసి చూశాడు. పచ్చగా చిలుము. వాసన చూశాడు. వేలితో తాకి నాలుకకు రాసుకున్నాడు. తర్వాత దాన్ని తీసుకొచ్చి, డ్రైవరు సీట్లో ఉన్న నా ముక్కు దగ్గర పెట్టాడు.

"ఏ పుస్తకంల ఉన్నది తమ్మీ గిది?"

పులిహోర వాసన వచ్చింది.

"ఎవడ్రా దీన్ని లోపల కట్టింది?" అన్నాడు మావయ్య, ఆ పని షెడ్డులో ఎవరిదో తనకు తెలిసి కూడా.

నాకు ఇంకా ఒక వాదన మిగిలింది. "స్కానర్ సెన్సార్ పేరే చెప్పింది కదా ఉస్తాద్..."

"చెప్తది. గది ఏడ్చేటోని పేరు చెప్తది తమ్మీ. కొట్టినోని పేరు చెప్పది. గది మనమే అడగాలె." (చాలాకాలం తర్వాత ఆ లావాటి పుస్తకం పూర్తి ప్రతి ఒకటి చూశాను. నా దగ్గర లేని పదహారు పేజీల్లో దాదాపు ఇదే ఉంది, ఇంత బాగా కాదు.)

అప్పుడు లెక్క నా బుర్రలో తిరిగింది. ప్రతిసారీ నిమ్మకాయ తీసి సాక్ష్యం పారేసింది నేను. ఉస్తాద్ తుడిచినందువల్ల బాగుపడితే సెన్సార్ వల్ల అనుకున్నది నేను. ఎండకు ఆరి స్టార్ట్ అయితే, జబ్బే లేదని తేల్చింది నేను. తాజాది, రసం ఉన్నది, ఏరి కట్టింది కూడా నేనే.

ఉస్తాద్ కనెక్టరు కడిగి, ఆరబెట్టి, కొత్త సీలు వేశాడు. ఊరంతా ఇరవై కిలోమీటర్లు తిప్పుకొచ్చాడు. ఆగలేదు. నేను పిన్ని దగ్గరికి వెళ్లి, "పోస్టాఫీసు అక్కకు ఫోన్ చెయ్యి, రేపు టెస్టుకు రమ్మను" అన్నాను.

"చేశాను. ఎత్తట్లేదు. అయినా ఏం చెప్పను? తప్పు నీది కాదు, నా కారుదని చెబితే నా స్కూలు పరువేం కావాలి? ఏదో మామూలుగా రమ్మని..."

"ఆమె రాదు" అన్నాడు ఉస్తాద్, పానాలు సర్దుకుంటూ. తల ఎత్తకుండానే నాతో అన్నాడు. "తమ్మీ, పదిమందిల అన్నవ్ గద. పదిమందిల చెప్పు. పో, వాళ్ల ఆఫీసు బంద్ గాకముందే పో."

స్టేషన్ రోడ్డు మీంచి అబిడ్స్ దాకా అంత వేగంగా నేను ఎన్నడూ నడవలేదు. పోస్టాఫీసులో అక్క కౌంటరు ముందు ఇరవై మంది ఉన్నారు. వరుసలో నిలబడి ఏం చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను, రెండు రకాలు గ్రాంథికంలో వచ్చాయి. నా వంతు రాగానే అక్క తల ఎత్తి చూసి, గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు అడిగింది.

"ఏం గావాలె? స్టాంపులా, రిజిస్టరా?"

"క్షమాపణ చెప్పాలక్కా."

"గది ఈ కౌంటర్ల కాదు. నెక్స్ట్."

నా వెనక ఉన్న పెద్దాయన పార్సెల్ ముందుకు తోశాడు. నేను అద్దానికి అడ్డంగా నిలబడి ఒకే ఊపిరిలో చెప్పేశాను. క్లచ్ కాదు, మీ కాలు కాదు, రెండుసార్లూ కారే ఆగిపోయింది, బానెట్ లోపల నిమ్మకాయ కట్టాను, దాని రసం కారింది, కట్టింది నేనే, లోపం మీలో ఉందన్నదీ నేనే. అక్క చేతిలోని ముద్ర గాలిలోనే ఆగింది.

"మల్ల చెప్పు."

"నిమ్మకాయ అక్కా..."

"నిమ్మకాయ గాదు. ముంగటిది. గట్టిగ చెప్పు. గా పక్క కౌంటర్ సారు పది దినాల సంది నా క్లచ్ కాలు మీద జోకులేస్తుండు."

పక్క కౌంటరు సారు ఫైల్లోకి తల దించుకున్నాడు. నేను గొంతు సవరించుకుని, పోస్టాఫీసు మొత్తం వినేలా, "మేడమ్ గారి క్లచ్‌లో ఏ లోపమూ లేదు! తప్పంతా నాదే!" అన్నాను. పార్సెల్ పెద్దాయన చెవి మీద చెయ్యి పెట్టుకుని, "ఎవరయ్యా బానెట్ లోపల నిమ్మకాయ కట్టిన తెలివిగలాయన?" అని అడిగాడు. నేనేనన్నాను. "చదువుకున్నావా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఊరుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి.

అక్క నవ్వలేదు. పెద్దాయన పార్సెల్ తూచి, రసీదు ఇచ్చి, అప్పుడు నన్ను అడిగింది.

"మా ఇంటికి బండి చూడనీకె ఎల్లుండి మనిషి వస్తుండు. రేపు పొద్దుగాల నేను టెస్టుకు పోతే, నీ బండి మల్ల ఆగదా? నిజం చెప్పు."

ఆగదని చెప్పడానికి నోరు తెరిచాను. కారణాలన్నీ వరుసగా ఉన్నాయి. కాని అద్దం అవతలి ఆ ముఖం, ఆ రోజు బస్టాపు వైపు తిరిగిన ముఖం, అదే.

"నాకు తెలియదక్కా" అన్నాను. "ఉస్తాద్ కడిగి బాగు చేశాడు. ఇరవై కిలోమీటర్లు తిప్పితే ఆగలేదు. నాకు తెలిసింది అంతే."

అక్క ముద్ర పక్కన పెట్టింది. "ఇన్ని దినాల్ల ఇప్పుడు ఒక్క మాట నమ్మబుద్ధి అయితుంది" అని, కాగితం ముక్క మీద టెస్టు టైము రాసి చేతిసంచీలో పెట్టుకుంది. "పొద్దుగాల ఏడు గంటలకు తయారుంట అని మేడంకు చెప్పు."

మర్నాడు నేను కూడా వెళ్లాను. ప్రహరీ పక్కన నిలబడ్డాను. పిన్ని కంటే నాకే ఎక్కువ చెమటలు. అక్క ఎనిమిది తిప్పింది. వెనక్కి పోనిచ్చింది. చివరికి ఎత్తు ఎక్కాలి. సగం ఎత్తులో బండి ఒక్కసారి కుదిపి, ఆగిపోయింది. పిన్ని కళ్లు మూసుకుంది. ఇన్‌స్పెక్టర్ అట్ట మీద పెన్ను పెట్టాడు. అక్క మాత్రం హడావిడి పడలేదు. హ్యాండ్ బ్రేక్ లాగింది, న్యూట్రల్ చేసింది, తాళం తిప్పింది. ఇంజిన్ అందుకుంది. బండి ఎత్తు ఎక్కి, అవతల దిగి, తెల్లగీత దగ్గర ఆగింది. ఇన్‌స్పెక్టర్ ఓ క్షణం ఆలోచించి, అక్క పేరు పక్కన టిక్కు పెట్టి, తర్వాతి పేరు పిలిచాడు.

దిగగానే నేను క్షమాపణ మొదలుపెట్టబోయాను. అక్క ఆపింది. ముఖమంతా వెలుగు.

"ఈసారి నా కాలే తమ్మీ! తొందరల ఇడిచిపెట్టిన. నాకే తెలిసిపోయింది."

బండి కొనడానికి వచ్చిన మనిషిని ఇంటి గేటు దగ్గర్నుంచే పంపించేసిందని పిన్ని తర్వాత చెప్పింది.

ఆ తర్వాత మావయ్య షెడ్డు నా చేతికి వచ్చింది. ఉస్తాద్ పనిచేయలేని వయసు వచ్చేదాకా నాతోనే ఉన్నాడు. ఇప్పుడు నా దగ్గర స్కానర్లు మూడున్నాయి, ఒకటైతే తెలుగులో కూడా మాట్లాడుతుంది. వాటిని గుచ్చే ముందు బండి తెచ్చినవాళ్లను కూర్చోబెట్టి ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని రోజులకు అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు, మిషన్ ఉండగా మమ్మల్ని అడుగుతారేమిటండీ అంటారు. వాళ్లది తప్పని అనను. ఒక్కోసారి అన్నీ అడిగి, అన్నీ చూసి, రాత్రంతా ఆలోచించినా అంతుపట్టదు. అప్పుడు ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడు గుర్తొస్తాడు. తెర మీద ఒక్క వరుస చూసి నిమిషంలో తీర్పు చెప్పి, కడుపునిండా తిని, హాయిగా నిద్రపోయేవాడు. వాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం అసూయగానూ ఉంటుంది. ఎన్ని బండ్లు బాగు చేసినా, అంత హాయిగా నిద్రపోవడం మాత్రం నాకు మళ్లీ చేతకాలేదు.